చుక్కకి పెట్టిన కుడితి

చోడవరం,
శుక్రవారం

చెల్లెలు చిన్నమ్మలుకి అక్క రత్నాలు రాసేది.

నీ ఉత్తరం మొన్న అందింది. మీ బావ పక్కనే కూర్చుని నాతో పాటు చదివేశాడు. ఇకమీదట ఏమైనా గుట్టు రాయాలంటే పైన ఒక చుక్క పెట్టు, నేను వంటింట్లోకి పట్టుకెళ్ళి చదువుకుంటాను.

చుక్క అంటే గుర్తొచ్చింది. ఉత్తరం నిండా మీ ఇంటి గుర్రం చుక్క గురించే రాశావు గాని మీ ఆయన గురించి రెండు ముక్కలు లేవు. సంత నుంచి రాగానే దాని మెడ రాస్తాడనీ, దాని చెవిలో కబుర్లు చెబుతాడనీ, నీతో మాత్రం అన్నం పెట్టమనడం తప్ప మాట లేదనీ. మీ బావ ఇది చదివి ఏమన్నాడో తెలుసా? "పోనీ మీ చెల్లి గుంటని ఓ గంట మెడలో కట్టుకోమను. గంగరాజు అటు తిరుగుతాడు" అన్నాడు. నువ్వు ఏడవకు. ఆయన హాస్యం అంతే.

కార్తీకంలో పెళ్ళయింది, ఇది ఫాల్గుణం. ఇంకా గుమ్మం వెనకాలే నిలబడి మాట్లాడితే ఎలాగ? అమ్మ చెప్పింది మరిచిపోయావా? కొత్త కోడలు అత్తింటి పశువుకి తన చేత్తో కుడితి కలిపి పెట్టాలి. పశువు తిని చెయ్యి నాకితే ఆ ఇల్లు కోడల్ని ఒప్పుకున్నట్టు. నేను మా అత్తగారి గేదెకి పెట్టాను. ఇప్పుడు చూడు, ఈ ఇంట్లో నా మాటకి ఎదురుందా? మీకు గేదె లేదు, ఆవు లేదు. ఉన్నది గుర్రం. అయితే ఏం, అదీ నాలుగు కాళ్ళదే కదా.

ఎండు చేపల అప్పలస్వామి మీ సంతకి వస్తున్నాడు. అతని చేత తవుడూ, నాలుగు బెల్లం దిమ్మలూ పంపుతున్నాను. ఎవరూ చూడకుండా పెట్టు. పెట్టినట్టు ఎవరికీ చెప్పకు. చెబితే ఫలం ఉండదు.

మీ అక్క,
రత్నాలు

*

గొందివలస, పాడేరు దారి,
సోమవారం

అక్కకి నమస్కారం.

తవుడూ బెల్లం అందాయి. అప్పలస్వామి అరుగు మీద పెట్టి "ఏటమ్మా, మీ అక్క బెల్లం పంపినాది, అరిసెలు వండుతావేటి?" అని అడిగాడు. నేను లోపలికి వెళ్ళిపోయాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. గంజి, తవుడు, మిగిలిన చోడి అంబలి, బెల్లం కలిపి కుండలో పొయ్యి పక్కన పెట్టాను. ఇక్కడ చలి కదా, పులవడానికి ఆలస్యమయింది. మన గేదెలకి బాగా పులిస్తేనే ఇష్టం కదా అని బుడగలు వచ్చేదాకా ఆగాను. ఆయన పసుపు బస్తాలు చూసుకోవడానికి వెళ్ళినప్పుడు, సోంబరు గడ్డికి వెళ్ళినప్పుడు, ఒక ముంతెడు పట్టుకెళ్ళాను. సోంబరు అంటే మా దగ్గర గుర్రానికి మేత వేసి, బరువులు ఎత్తే మనిషి. కొండ మీద మనిషి. మంచివాడు.

నాకు చాలా భయం వేసింది. గేదె అయితే తల ఎటు తిప్పుతుందో తెలుసు. దీని కళ్ళు పక్కలకి ఉంటాయి, ఎటు చూస్తుందో తెలియదు. కాని అది తిన్నది, అక్కా. తిని, పెదవులతో నా అరచెయ్యంతా వెతికింది. ఎంత మెత్తగా ఉన్నాయో.

సాయంత్రం నేను నీళ్ళకి వెళుతుంటే అది మెడ చాచి నా వైపు చూసి సకిలించింది. ఆయన చూశారు. "సుక్క నిన్ను పిలుత్తన్నాది" అన్నారు. అన్నం మాట కాకుండా ఆయన నాతో అన్న మొదటి మాట అదే. బిందె సగమే నింపుకుని వచ్చేశాను.

సంత రోజున అది కొండ దిగి కొండెక్కి అలిసిపోయి వస్తుంది. ఆ రోజు కుండ నిండా పెడదామని ఉంది.

నీ చెల్లి,
చిన్నమ్మలు

*

గొందివలస,
గురువారం

అక్కకి,

ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు. చలి తగ్గింది. ఇకమీదట బెల్లం పంపవద్దు. తవుడు కూడా వద్దు.

బావకి నమస్కారాలు.

చిన్నమ్మలు

*

చోడవరం,
బుధవారం

చిన్నమ్మలూ,

నాలుగు ముక్కల ఉత్తరం. మీ బావ "బాగానే ఉన్నారట గదే" అన్నాడు. చిన్నప్పుడు కాలికి ముల్లు గుచ్చుకున్నా బాగానే ఉందని కుంటుకుంటూ తిరిగినదానివి నువ్వు. నీ బాగు నాకు తెలియదా?

ఈవేళ బజారుకి వెళ్ళాను. ఉప్పు కొట్టు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. "మన్నెంలో గంగరాజు గుర్రం సావు తప్పి బతికినాదట. కొత్త పెళ్ళాం ఏటో మందు పెట్టినాదట" అంటున్నారు. "గుర్రానికి పెట్టినాది రేపు మొగుడికి పెట్టదేటి?" అని ఇంకో ఆవిడ. నా చెయ్యి ఉప్పు సంచిలోనే ఉండిపోయింది. అది నా చెల్లెలు అని చెప్పడానికి నోరు రాలేదు. తల వంచుకుని వచ్చేశాను. నేను, రత్నాల్ని, తల వంచుకుని వచ్చేశాను.

ఏమి జరిగిందో నిజం రాయి. ఈ ఉత్తరం మీ బావ చూడలేదు. గంగరాజు కొట్టాడా? తిట్టాడా? అప్పలస్వామి రేవు నుంచి ఇంకా రాలేదు, వస్తే అతన్నీ అడుగుతాను. నువ్వు అక్కడ మాట పడుతూ ఉండక్కర్లేదు. ఒక్క ముక్క రాస్తే మీ బావని పంపి తీసుకొచ్చేస్తాను.

రత్నాలు

*

గొందివలస,
ఆదివారం

అక్కకి,

పైన చుక్క పెట్టాను. వంటింట్లో చదువుకో.

ఆయన కొట్టలేదు. తిట్టనూ లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సంత రోజు మధ్యాహ్నం బరువు దించగానే సోంబరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆయన అప్పలస్వామితో అరుగు మీద మాట్లాడుతున్నారు. పెరటి వైపు నుంచి కుండ పట్టుకెళ్ళాను. ఆకలి మీద ఉందేమో, తల ఎత్తకుండా తిన్నది. నాకు ఎంత సంతోషం వేసిందో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

పొద్దు వాలకముందే మొదలైంది. ముందు వెనక్కి తిరిగి తన కడుపు వైపు తనే చూసుకుంది. తర్వాత కాలితో కడుపులో తన్నుకుంది. తర్వాత పడుకుంది, పొర్లింది, లేచింది, మళ్ళీ పడింది. అంత చలిలో చెమటకి తడిసిపోయింది. ఆయన మెడ పట్టుకుని "సుక్కా, సుక్కా, ఏటైనాదే తల్లీ" అని ఏడుపు గొంతుతో అంటున్నారు. ఆయన గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు.

ఆ రోజు పశువులకి సూదులు వేయడానికి పశువుల డాక్టరు గారు జీపులో వచ్చి ఉన్నారు. సోంబరు పరుగెత్తి పిలుచుకొచ్చాడు. ఊరంతా మా వాకిట్లోకి వచ్చేసింది. డాక్టరు గారు కడుపు మీద చెవి పెట్టి విని, "ఏం మేపారు?" అని అడిగారు. సోంబరు "నానబెట్టిన ఉలవలూ గడ్డీ బాబూ, రోజూ పెట్టేదే" అన్నాడు. మా ఆయన గుమ్మం వైపు తిరిగి, "ఒలే, నువ్వేటైనా పెట్టినావా?" అని అడిగారు.

నేను తలుపు వెనక ఉన్నాను. అడ్డంగా తల ఊపాను. అక్కా, అబద్ధం చెప్పాలని అనుకోలేదు. అంత మంది మగవాళ్ళు ఒక్కసారి నా వైపు చూసేసరికి తల దానంతట అదే ఊగింది. చెబితే ఫలం ఉండదని నువ్వు రాసింది కూడా గుర్తొచ్చింది. ఏమి ఫలమో చూడు.

నొప్పికి సూది వేసి, "చెమట మీద చన్నీళ్ళు తాగి ఉంటుంది. పడుకోనివ్వకుండా నడిపించండి" అని డాక్టరు గారు వెళ్ళబోయారు. తర్వాత ఎలాగో డాక్టరు గారికి కుడితి సంగతి తెలిసింది. తెలిసి వెనక్కి వచ్చారు.

"గుర్రానికి వాంతి రాదు. గేదెలాగా తేపి గాలి వదలదు, నెమరు వెయ్యదు. పులిసింది లోపల పొంగుతుంటే పైకి రావడానికి దారి లేదు. ఇలాగే వదిలేస్తే కడుపు పగులుతుంది" అన్నారు. జీపులోంచి పొడుగాటి రబ్బరు గొట్టం తెప్పించారు. నేను దాన్ని చూసి నోట్లోంచి వేస్తారనుకున్నాను. ముక్కులోంచి వేశారు. సోంబరు దాని పై పెదవికి తాడు కట్టి కర్రతో మెలిపెట్టి పట్టుకున్నాడు. ఆయన తల పట్టుకున్నారు. గొట్టానికి నూనె రాసి, మెల్లగా, మెల్లగా ముక్కులోకి తోశారు. చుక్క దగ్గింది. డాక్టరు గారు గొట్టం చివర చెంపకి ఆనించుకుని చూశారు. "ఊపిరి వస్తోంది. ఇది ఊపిరితిత్తుల దారి. ఇందులో బొట్టు నీరు పోసినా చస్తుంది" అని వెనక్కి లాగేశారు. ముక్కులోంచి రక్తం వచ్చింది. నాది పెట్టిన చెయ్యి కదా, అక్కా. ఆ రక్తం చూసి నా చెయ్యి నేను చీర కొంగులో చుట్టేసుకున్నాను.

మళ్ళీ వేశారు. ఈసారి అది గుటక వేసేదాకా ఆగి, గుటకతో పాటు తోశారు. మెడకి ఎడమ పక్కన గొట్టం దిగడం చర్మం కింద కనబడింది. కడుపులోకి చేరేసరికి బుస్సుమని గాలి వచ్చింది. వాకిలంతా పులిసిన బెల్లం వాసన. అందరికీ తెలిసింది. గోరువెచ్చటి నీళ్ళు గరాటుతో పోయడం, గొట్టం కిందికి వంచడం. వంచినప్పుడల్లా నేను పెట్టినదంతా బయటికి వచ్చింది. తవుడు, అంబలి, బెల్లం నురగ. నా కుడితి కుండలోకే వచ్చింది. వచ్చినవాళ్ళందరూ ముక్కులు మూసుకుని వంగి చూశారు. ఒక ముసలావిడ "ఓలమ్మో, సీమంతం సేసినారేటి దీనికి?" అంది. అందరూ నవ్వారు. ఆఖర్న నూనె పోసి గొట్టం తీసేశారు.

చుక్క బతికింది. లేచి నిలబడి ఒళ్ళు దులుపుకుంది.

ఆ రోజు నుంచీ ఆయన నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టమని కూడా అనడం లేదు. తనే వచ్చి కూర్చుంటారు, పెడతాను, తింటారు. నీ పేరు నేను చెప్పలేదు. ఎప్పటికీ చెప్పను. నీళ్ళకి వెళితే ఆడవాళ్ళు "కుడితమ్మ వచ్చినాది, బిందెలు దాసుకోండి" అంటున్నారు. అన్నిటికంటే చుక్కతోనే కష్టంగా ఉంది. రోజూ సాయంత్రం గుమ్మం దాకా వచ్చి తల లోపలికి పెట్టి నా కోసం చూస్తుంది. కుడితి కోసమే. ఆ ముక్కులోంచే కదా గొట్టం దూర్చింది. దానికి బుద్ధి లేదో, నాకు సిగ్గు లేదో. తలుపు వేసేస్తున్నాను.

బావని పంపించు. నాకు ఇక్కడ మొహం చెల్లదు.

చిన్నమ్మలు

*

చోడవరం,
శనివారం

చిన్నమ్మలూ,

వంటింట్లోనే చదివాను. చదివి అక్కడే కూర్చుండిపోతే మీ బావ వచ్చి, "పొయ్యి మీద పప్పు మాడిపోతన్నాది" అన్నాడు. మాడనీ అన్నాను. ఏమీ అనకుండా దించి పెట్టాడు.

నువ్వు నాకు అంతా రాశావనుకున్నాను. రాయలేదు. అప్పలస్వామి నిన్న వచ్చాడు. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి అడిగాను. "డాక్టరు గారికి ఎలాగో తెలిసింది" అని నువ్వు రాసిన చోట ఏమి జరిగిందో అతను చెప్పాడు. అతని మాటలే రాస్తున్నాను.

"డాక్టరు బాబు జీపులో ఓ కాలెట్టినాడమ్మా. గంగరాజు సోంబరు మీదికెల్లి, 'నిజం సెప్పరా, ఏటెట్టినావు' అని సొక్కా అట్టుకున్నాడు. సోంబరు నేదు నేదు అంతన్నాడు. అప్పుడు తలుపు తీసుకోని మీ సెల్లి వచ్చినాది. కుండ సంకనెట్టుకోని, అంతమంది మద్దినుంచి. కొంగు జారిపోనాది, సూసుకోనేదు. జీపు ముందర డాక్టరు బాబు కాళ్ళ కాడ కుండ దించినాది. నోట మాట రానేదు. సెయ్యి కుండలో ముంచి అడుగునున్న తవుడు తీసి సూపించినాది. ఆ సెయ్యి సూసే గదమ్మా ఆయన గొట్టం దింపమన్నాడు. నేకపోతే జీపు ఎల్లిపోయేది, గుర్రం సచ్చిపోయేది."

ఇది ఎందుకు రాయలేదు నువ్వు? కొంగు జారిందని సిగ్గా? నేను ఉప్పు కొట్టు దగ్గర నోరు విప్పలేదు. ఇంత నోరున్నదాన్ని. నువ్వు నోరు లేకుండానే వెళ్ళి కుండ దించావు.

ఇప్పుడు నేను దాచినది చెబుతాను. మా అత్తగారి గేదె నా చెయ్యి నాకలేదు. కుండని కాలితో తన్నింది. కుడితంతా నా పెళ్ళి పట్టుచీర మీద పడింది. మా అత్తగారు చూసి ఊరంతా చెప్పింది. ఇంతకాలం నేనెవరికీ చెప్పలేదు. నీకు మాత్రం నాకినట్టు రాశాను. పెద్దదాన్ని కదా, నాకన్నీ తెలుసని నువ్వు అనుకోవాలి కదా. గుర్రం నెమరు వేస్తుందో వెయ్యదో నాకేమి తెలుసు. నిన్ను ఎవరూ చూడకుండా చెయ్యమని చెప్పినదాన్ని నేను. చెప్పకుండా ఉండమన్నది నేను.

గంగరాజుకి వేరే ఉత్తరం రాశాను. తప్పు నాదని రాశాను. నువ్వు కోప్పడినా సరే, పోస్టులో వేసేశాను. మీ బావ వచ్చే వారం బస్సుకి బయలుదేరతానంటున్నాడు. రావాలంటే రా. నా ఇల్లు నీది. వద్దంటే ఒక కార్డు రాయి.

మీ అక్క

*

గొందివలస,
బుధవారం

అక్కకి,

నీ ఉత్తరం ఆయనకి అందింది. నువ్వు ఒకటి మరిచిపోయావు. ఆయనకి చదవడం రాదు. బస్తాల మీద గుర్తులు పెట్టుకోవడమే వచ్చు.

పోస్టు మనిషి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, నేను బియ్యం ఏరుకుంటుంటే వచ్చి చేటలో పెట్టి ఎదురుగా కూర్చున్నారు. నేను చదవాలి. నీ ఉత్తరం నేనే ఆయనకి చదవాలి.

చదివాను. "గుర్రానికి కుడితి పెట్టమన్నది నేను" అన్న చోటు చదువుతుంటే చెవులు వేడెక్కిపోయాయి. తర్వాత "మా చెల్లెలు ఓపిక గలది, పనిమంతురాలు, అందగత్తె" అని రాశావు. అక్కడ ఆగిపోయాను. "ఆగినావేటి? సదువు" అన్నారు. నీకు పుణ్యముంటుందక్కా, ఎవరైనా అలా రాస్తారా? నా నోటితో నేనే చదువుకోవాల్సి వచ్చింది. చేట మొహానికి అడ్డం పెట్టుకుని చదివాను. కుండ సంగతి రాసిన చోట ఆయన అడ్డు తగిలారు.

"అది సదవక్కర్నేదు. నానక్కడే ఉన్నాను గదా" అన్నారు.

నేను ఉత్తరం మడిచాను. ఆయన గోడ వైపు తిరిగారు. తర్వాత అన్నారు, "నానడిగితే తలూపినావు. పరాయి డాక్టరు కాళ్ళ కాడ మాత్రం కుండ దించినావు. అప్పుడాయన నన్ను సూసినాడు. ఏటి మనిషివిరా నువ్వు, నీ పెళ్ళాం నీకు సెప్పడానికి ఇంత భయపడతాది అన్నట్టు సూసినాడు. సోంబరు సొక్కా ఇంకా నా సేతిలోనే ఉన్నాది. ఆ పూటనుంచీ నీ మొకం సూడ్డానికి నాకు సిగ్గేత్తన్నాది."

నేను ఇన్ని రోజులూ ఆయన కోపంగా ఉన్నారనుకున్నాను. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూడకుండా తిరిగాం.

నాకు ఏదో ఒకటి చెప్పాలనిపించింది. "ఉలవలు ఎంతసేపు నానబెడతారు?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. లేచి ఉలవల డబ్బా తెచ్చి, నీళ్ళు ఎంత పోయాలో, ఎప్పుడు వడగట్టాలో చూపించారు. బరువు దించాక దాని చెమట ఆరేదాకా మేత పెట్టకూడదట. ఆరాక ముందు గడ్డి, తర్వాతే ఉలవలు. సాయంత్రం చుక్క గుమ్మంలోకి తల పెట్టినప్పుడు నేను తలుపు వెయ్యలేదు. గుప్పెడు ఉలవలు అరచేతిలో పెట్టాను. వాసన చూసి, కుడితి కాదని కొంచెంసేపు అలిగింది. తర్వాత తిన్నది.

కుండ నేను పగలగొడదామనుకున్నాను. ఆయన వద్దన్నారు. తోమి, వాకిట్లో చుక్కకి మంచినీళ్ళు పోయడానికి పెట్టారు. వచ్చినవాళ్ళందరూ దాన్ని చూస్తారు. నాకు ఇంకా సిగ్గుగానే ఉంది.

నిన్న సంతకి నన్ను కూడా తీసుకెళ్ళారు. చుక్క తాడు నా చేతికిచ్చి ఆయన పసుపు బేరానికి వెళ్ళారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. "అదిగో కుడితమ్మ" అని ఎవరో అన్నారు. వినపడనట్టు చుక్క జూలు సర్దాను. ఇంతలో అటు పోతున్న ఒక ముసలమ్మ చుక్కని చూసి ముద్దొచ్చి, బుట్టలోంచి ఇంత పులిసిన చద్ది ముద్ద తీసి దాని మూతి దగ్గర పెట్టబోయింది.

"పెట్టకండి! అది తేపలేదు!" అని అరిచాను.

అంత గొంతు నాకుందని నాకు తెలియదక్కా. సంత సంతంతా తిరిగి చూసింది. ముసలమ్మ ముద్ద కింద పడేసింది. సోంబరు బస్తా మీద కూర్చుని పగలబడి నవ్వాడు. అంత దూరంలో బేరం ఆపి ఆయన కూడా చూశారు. నాకు ఒళ్ళంతా వేడెక్కిపోయి, చుక్క వెనకాల దాక్కున్నాను.

అది పక్కకి జరిగింది.

బావని పంపవద్దు.

నీ చెల్లి,
చిన్నమ్మలు